చప్పుళ్ళ ఫోల్డర్

"వింటున్నావా, లైటు వెయ్యి."

సాయంత్రం వంటింట్లో చీకట్లు ముసురుకుంటున్నాయి. ఆవిడ చేతులు రెండూ మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి. ఏది ఉప్పు డబ్బానో ఏది పంచదార డబ్బానో పోల్చుకోలేని వేళ.

"వింటున్నావా, లైటు వెయ్యి."

అలమర మీదున్న టిఫిన్ డబ్బా ఉలకలేదు, పలకలేదు. టిఫిన్ డబ్బా పలకడమేమిటని పాఠకులు అనుమానపడనక్కర్లేదు. ఈ కథంతా దాని గురించే. ఆవిడ గొంతు సవరించుకుని మూడోసారి చెప్పింది, నాలుగోసారి చెప్పింది. అయిదోసారికి గొంతు జీరపోయింది.

ముందు గదిలోంచి ఆయన, చదువుతున్న పేపరులోంచి తల కూడా ఎత్తకుండా, "వింటున్నావా, వంటింట్లో లైటు వెయ్యి" అన్నాడు.

"వింటున్నాను" అంది డబ్బా. లైటు వెలిగింది.

"చూశావా? భేషుగ్గా ఉంది. నువ్వే సరిగ్గా పలకట్లేదు."

"దాన్నేమీ అనకండి. మీరు చేసిందేగా, మీ పోలికే వచ్చింది."

ఆయన నవ్వాడు. పక్కనే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న కూతురు నవ్వలేదు, ఎందుకంటే ఆమెకు వినపడలేదు. ఆవిడ కూడా నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఎవరికీ పట్టలేదు. చదువుతున్నవారు మాత్రం దయచేసి దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఆయన లిఫ్టుల మెకానిక్. పాతికేళ్ళ అనుభవం. పదిహేను అంతస్తుల భవనం అడుగున కళ్ళు మూసుకుని నిలబడి, పైనెక్కడో తిరిగే మోటారు చప్పుడు విని, "బేరింగు ఇంకో వారం వస్తుంది" అని చెప్పగలడు. సరిగ్గా వారానికే అది పోయేది. తోటి పనివాళ్ళు ఆయనవి పాము చెవులనేవారు. "నిజమే, కాకపోతే ఆ చెవులు డ్యూటీ దిగేటప్పుడు ఆఫీసులో అప్పజెప్పి వస్తారు" అనేది ఆవిడ.

ఆయన వృత్తిలో ఒక నియమం ఉంది. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే మెకానిక్ ముందు పానా తియ్యకూడదు, నోరు తెరవాలి. తలుపుకి నోరు ఆనించి, "వింటున్నాను. ఇక్కడే ఉన్నాను. చెప్పండి" అనాలి. లోపలివాళ్ళు ఏడుస్తారు, తిడతారు, ఆఫీసుకు ఆలస్యమైందని అరుస్తారు. అంతా వినాలి. విన్నాక పానా తియ్యాలి. చీకట్లో ఇరుక్కున్న మనిషికి తలుపు తెరుచుకోవడం కంటే ముందు, తన గొంతు ఎవరికో అందుతోందని తెలియడం ముఖ్యం. ఈ నియమాన్ని ఆయన పాతికేళ్ళలో ఒక్కనాడూ తప్పలేదు. డ్యూటీలో.

అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డులు బజారులో దొరుకుతున్నాయని, వాటితో మాట వినే యంత్రాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చని కూతురు చెప్పినప్పుడు ఆయన సంబరపడిపోయాడు. కూతురు కాలేజీలో చదివేది అదే చదువు. తండ్రీకూతుళ్ళు కలిసి బోర్డు తెచ్చారు, ఒక మైకు తెచ్చారు, ఒక చిన్న స్పీకరు తెచ్చారు. పెట్టె మాత్రం ఆవిడ ఇచ్చింది. మూత సొట్టపడిన టిఫిన్ డబ్బా. ఆ మూతకే కన్నాలు పెట్టి స్పీకరు బిగించారు.

"ఇదంతా నీకోసమేనోయ్" అన్నాడాయన. "చేతులు తడిగా ఉన్నప్పుడు నోటితో చెప్తే చాలు, లైటు వేస్తుంది, ఫ్యాను వేస్తుంది, కుక్కరు కూతలు లెక్కపెడుతుంది."

"లెక్కపెట్టి మంట తగ్గిస్తుందా?"

"అది తగ్గించదు. నీకు చెప్తుంది, నువ్వు తగ్గించాలి."

"అయితే అత్తగారన్నమాట" అంది ఆవిడ.

కూతురు మాత్రం దానికి తమ్ముడని పేరు పెట్టింది. ఒక్కతే సంతానం మరి. ఇంత వయసొచ్చాక తమ్ముడు పుట్టాడని స్నేహితులందరికీ ఫొటో పంపించింది.

తమ్ముణ్ణి ఏమని పిలిస్తే లేవాలన్న దానిమీద చర్చ జరిగింది. రెండక్షరాల పిలుపైతే టీవీలో ఎవరు తుమ్మినా లేచి కూర్చుంటుందని కూతురు చెప్పింది. కాస్త పొడుగుండాలి, ఇంట్లో అలవాటున్న మాటై ఉండాలి. ఆయన ఆలోచించి "వింటున్నావా" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన భార్యను పిలిచే పిలుపు అదే. దాన్నే దానికిచ్చేశాడు. మొదటివారం ఆయన "వింటున్నావా" అన్నప్పుడల్లా వంటింట్లోంచి ఇద్దరు జవాబిచ్చేవారు. తర్వాత ఆవిడ మానేసింది.

"ఈ ఇంట్లో 'వింటున్నాను' అన్న మొదటి ప్రాణి ఇదే" అంది ఆవిడ, టిఫిన్ డబ్బా మీద దుమ్ము తుడుస్తూ.

యంత్రానికి చదువు చెప్పాలి. ఒక పక్క పిలుపులు వినిపించాలి, ఇంకో పక్క పిలుపులు కానివి వినిపించాలి. ఆ రెంటికీ తేడా అదే పట్టుకుంటుంది. పిలుపుల కోసం ఆయన రెండు వందలసార్లు, కూతురు రెండు వందలసార్లు "వింటున్నావా" అని రికార్డు చేశారు. "నువ్వూ ఓ యాభైసార్లు చెప్పెయ్" అన్నాడాయన భార్యతో.

"పొయ్యి మీద పాలున్నాయి. తర్వాత."

ఆ తర్వాత మళ్ళీ ఆయన అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

పిలుపులు కానివాటి కోసం మైకును మూడురోజుల పాటు వంటింటి అలమర మీద వదిలేశారు. కుళాయి, మిక్సీ, గరిటె, గిన్నెలు, కుక్కరు, అన్నీ అందులో రికార్డయ్యాయి. "నువ్వు ఎప్పట్లాగే ఉండు, నీ పని నువ్వు చేసుకో" అని ఆవిడతో చెప్పారు. ఆవిడ ఎప్పట్లాగే ఉంది. ఆ మూడురోజుల రికార్డింగును ఒక ఫోల్డర్‌లో వేసి దానికి 'చప్పుళ్ళు' అని పేరు పెట్టారు.

ఆ తర్వాత వచ్చిన మెరుగు ఆయన సొంత ఆలోచన. తమ్ముడు తన చెవినపడ్డ ప్రతి ధ్వనికీ నూటికి ఇన్నని మార్కులు వేసేవాడు. డెబ్భై దాటితే పిలుపు. దాటకపోతే చప్పుడు. ఆ చప్పుళ్ళన్నిటినీ దాచిపెట్టుకునేలా ఏర్పాటు చేశాడాయన. వారం వారం సెలవునాడు కూర్చుని, ఆ వారం పోగైన చప్పుళ్ళన్నిటినీ ఒక్కటీ వినకుండా మళ్ళీ పాఠంగా పెట్టేవాడు. దాంతో తమ్ముడికి వారం వారం చదువు పెరిగింది. మిక్సీకి లేవడం మానేశాడు. టీవీకి లేవడం మానేశాడు. ఆవిడకైతే మొదట్లో పదిసార్లకు ఒకసారైనా లేచేవాడు, అదీ మానేశాడు.

ఆయనకు సెలవు గురువారం.

ఇక ఆ ఇంట్లో మరమ్మతులు మొదలయ్యాయి. భార్య పిలిస్తే పలకడం లేదంటే మైకులో దోషమని ఆయన నిర్ణయించాడు. మైకు మార్చాడు. తీగ మార్చాడు. కరెంటు సరిగా అందడం లేదేమోనని ఛార్జర్ మార్చాడు. డబ్బాను అలమర మీంచి కిటికీ పక్కకి, కిటికీ పక్కనుంచి ఫ్రిజ్ మీదికి మార్చాడు. మార్చిన ప్రతిసారీ ఆవిణ్ణి పిలిచి ఎదురుగా నిలబెట్టేవాడు.

"ఊఁ, చెప్పు."

"వింటున్నావా, లైటు వెయ్యి."

"గట్టిగా."

"వింటున్నావా..."

"ఇంకాస్త గట్టిగా. కడుపులోంచి రావాలి."

"కడుపులోంచి ఆకలి తప్ప ఏమీ రావట్లేదండీ, పొద్దుటినుంచీ మింగుడు పడట్లేదు. గొంతు బొంగురుపోయి రెండు నెలలవుతోంది, చెప్తూనే ఉన్నాను."

ఆయన స్క్రూడ్రైవర్ చెవి వెనక దోపుకుని, ఆలోచనగా తలాడించాడు. "అదే. ఆ బొంగురు దీనికి అందట్లేదు. ఇంకొంచెం మంచి మైకు వేస్తే సరి."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి, "అవునండీ. మైకుదే దోషం" అంది.

హాస్యం ఆవిడకు అలవాటు. ఆ అలవాటే ఆవిడకు అన్యాయం చేసిందని చెప్పకతప్పదు. నవ్వుతూ చెప్పిన బాధ బాధలా ఉండదు, వేళాకోళంలో కలిసిపోతుంది. చుట్టాలు ఫోను చేస్తే ఆయన, "మీ చెల్లెలి గొంతు పోయింది బావా, ఇల్లు హాయిగా ఉంది" అనేవాడు. అవతల నవ్వేవారు. ఇవతల కూతురు నవ్వేది. ఆవిడా నవ్వేది. ఇంతమంది నవ్వుతున్న జబ్బు జబ్బే కాదని అందరూ తీర్మానించుకున్నారు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన "వింటున్నావా, ఫ్యాను వెయ్యి" అన్నాడు. డబ్బా పలకలేదు. ఇంకోసారి అన్నాడు. పలకలేదు.

ఎనిమిది నెలలు ఆవిడకు పలకనప్పుడు అది చిన్న లోపం. ఆయనకు పలకని రోజున అది బ్రేక్‌డౌన్. కూతుర్ని కేకేశాడు. ఇద్దరూ డబ్బాను బల్లమీదికి దించి మూత విప్పారు. కరెంటు వస్తోంది. బోర్డు వేడెక్కలేదు. తీగలు బిగువుగానే ఉన్నాయి. కూతురు దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించి చూసి, "మెమరీ కార్డు నిండిపోయింది నాన్నా, ఇంక ఊపిరాడట్లేదు పాపం. చప్పుళ్ళ ఫోల్డర్ ఒక్కటే పదకొండు వేల ముక్కలుంది" అంది.

"తీసిపారెయ్. చప్పుళ్ళేగా."

"తీసేస్తా. ఉండు, ఒక్కటి వింటా, ఏం పోగుచేశాడో తమ్ముడు."

ఏదో ఒకటి నొక్కింది. అయిదు సెకన్ల ముక్క.

"వింటున్నావా, లైటు వెయ్యి." అమ్మ గొంతు. మార్కులు నూటికి ముప్ఫై ఒకటి.

ఇంకోటి నొక్కింది. కుళాయి చప్పుడు, దాని వెనక అమ్మ కూనిరాగం. ఇంకోటి. "నీ దుంపతెగ, కాస్త అటు తిరిగేసరికి పొంగిపోవాలా?" అని పాలతో దెబ్బలాట. ఇంకోటి. "ఏమండీ..." ఆ తర్వాత దూరంగా నాన్న గొంతు, "ఆఁ, వస్తున్నా." ఆ తర్వాత ఏమీ లేదు. వచ్చిన అడుగుల చప్పుడు లేదు.

కూతురు మొదటి మూడురోజుల రికార్డింగు తెరిచింది. యంత్రానికి ఏది చప్పుడో నేర్పిన పాఠం అది. కుక్కరు, మిక్సీ, గరిటె ఉన్నాయి. వాటన్నిటికంటే ఎక్కువగా అమ్మ ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఎప్పట్లాగే, తన పని తాను చేసుకుంటూ మాట్లాడుతున్న అమ్మ.

"నాన్నా" అంది కూతురు. "ఇది పాడవ్వలేదు. మొదటినుంచీ సరిగ్గానే పనిచేస్తోంది. అమ్మ గొంతు చప్పుడని మనమే నేర్పాం. నువ్వు గురువారం గురువారం మళ్ళీ మళ్ళీ నేర్పావు."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "తారీకుల వరసన పెట్టు" అన్నాడు.

మొదటి నెల. "ఏమండీ, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే..." దూరంగా ఆయన గొంతు, "గురువారం వెళ్దాంలే."

తర్వాతి వారం. "ఇవాళ గురువారమండీ." "తమ్ముడి పాఠం మధ్యలో ఉంది. వచ్చే గురువారం."

రెండో నెల. "అమ్మాయ్, ఒకసారి ఇటు రా, నా గొంతు చూడు..." "ష్, అమ్మా! క్లాసులో ఉన్నా!" ఈసారి కూతురు గొంతు. వింటున్న కూతురు కళ్ళు మూసుకుంది.

నాలుగో నెల. అయిదో నెల. మార్కులు పన్నెండు. ఏడు. మూడు.

పాతికేళ్ళు చప్పుడు విని యంత్రాల ఆయుష్షు చెప్పిన ఆ చెవులు మొదటిసారి ఇంట్లో పని మొదలుపెట్టాయి. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తారీకు తర్వాత తారీకు, మాట తర్వాత మాట, ఆ గొంతులో ఏదో అరుగుతూ పోవడం ఆయనకు స్పష్టంగా వినిపించింది. ముందు చిన్న జీర. తర్వాత గరగర. తర్వాత మాట మధ్యలో ఊపిరి పట్టేసిన చోటు. ఏ లిఫ్టులోనైనా ఈ చప్పుడు వచ్చి ఉంటే మొదటి వారంలోనే తాళం వేయించి, పనిచెయ్యదని బోర్డు కట్టించేవాడు.

చివర్లో ఒక ముక్క ఉంది. ముందురోజు రాత్రిది. చుట్టూ ఏ చప్పుడూ లేదు. కుళాయి లేదు, గిన్నెలు లేవు. ఆవిడ ఊరికే డబ్బా ఎదురుగా వచ్చి నిలబడినట్టుంది. గొంతు దాదాపు ఊపిరే.

"నువ్వైనా విను. నాకు భయంగా ఉంది."

నూటికి రెండు మార్కులు. చప్పుడు.

ఆయన లేచాడు. లేవడంలో కుర్చీ పడిపోయింది. లోపలి గదిలో ఆవిడ గోరువెచ్చని నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"పద. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

ఆవిడ ఆయన ముఖం చూసింది, వెనక నిలబడ్డ కూతురి ముఖం చూసింది. గుసగుసగా అంది. "ఇవాళ గురువారమా? నేను చూసుకోనేలేదు."

గొంతు డాక్టరమ్మ గది చిన్నది. గోడమీద మనిషి మెడను నిలువునా కోసి చూపించే బొమ్మ ఒకటి వేలాడుతోంది. ఆవిడ పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆయన ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. ఆ వారంలో ఇంకా రెండు పరీక్షలు జరిగాయి. చిన్న ముక్క తీసి పంపించారు. ఫలితం వచ్చిన రోజున డాక్టరమ్మ కాగితాలు బల్లమీద సర్దుకుని నెమ్మదిగా చెప్పింది. గొంతుపెట్టెలో కాన్సరు. ప్రాణానికి ఫరవాలేదు, కాపాడగలం. గొంతుపెట్టె మాత్రం తీసెయ్యాలి. మెడ ముందు చిన్న రంధ్రం పెడతాం, ఊపిరి దాని ద్వారా. మాట ఉండదు.

"ముందే వచ్చి ఉంటే మందులతో, రేడియేషన్‌తో పోయేది. గొంతు మిగిలేది" అంది డాక్టరమ్మ. ఆవిడ వైపు తిరిగింది. "ఏమ్మా, చదువుకున్నదానివి. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అంత పెద్దదనుకోలేదండీ" అంది గుసగుసగా. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఇంటిగుట్టు బయట పెట్టకూడదు.

"అబద్ధం డాక్టరుగారూ" అన్నాడాయన. "చెప్పింది. ఇరవై తొమ్మిదిసార్లు చెప్పింది. నా దగ్గర రికార్డుంది."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. డాక్టరమ్మకు అరవై దాటి ఉంటాయి.

"నేను ఈ కుర్చీలో ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్నాను" అంది. "గొంతు బొంగురుపోయి మూడు వారాలకు తగ్గకపోతే చూపించుకోవాలి. ఇదేమీ పెద్ద చదువు కాదు, బయట గోడమీద కూడా రాసే ఉంది. మగవాళ్ళు వస్తే పక్కన భార్య ఉంటుంది, చెల్లెలుంటుంది, వాళ్ళే లాక్కొస్తారు. ఆడవాళ్ళు మాత్రం ఆలస్యంగా వస్తారు. నేను ఇందాక అడిగినట్టే అందర్నీ అడుగుతాను, ఎందుకు చెప్పలేదమ్మా అని. ముప్ఫై ఏళ్ళూ తప్పు మనిషిని అడిగానేమో. నీ ఒక్కడి సంగతే కాదు నాయనా. ఇంట్లో ఆడమనిషి మాట్లాడుతూనే ఉంటుందని అందరికీ తెలుసు. ఏం మాట్లాడుతోందో మాత్రం ఎవరికీ తెలియదు."

ఆపరేషనుకు మూడురోజులు టైమిచ్చారు. ఆ మూడురోజులు కూతురు కాలేజీకి వెళ్ళలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది కానీ ఈసారి వాటిలో వినిపిస్తున్నది అమ్మే. పదకొండు వేల ముక్కల్లోంచి కుళాయిని, మిక్సీని వేరుచేసి, అమ్మ "వింటున్నావా" అన్న చోట్లన్నీ ఏరి, పిలుపుల ఫోల్డర్‌లోకి మార్చింది. పక్కన కూర్చుని ఆయన కూడా ఏరాడు. ముప్ఫై ఒకటి వచ్చినవీ, మూడు వచ్చినవీ, రెండు వచ్చినవీ. ఎనిమిది వందల నలభై పిలుపులు తేలాయి. యాభై చాలన్నాడు ఒకప్పుడు. వాటన్నిటితో తమ్ముడికి మళ్ళీ మొదటినుంచి పాఠం చెప్పారు.

ఆస్పత్రికి బయల్దేరే పొద్దున సంచి సర్దడం అయ్యాక ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. గ్యాసు కట్టేసిందో లేదో చూసుకుంది. పాలగిన్నె బోర్లించింది. అప్పుడు ఫ్రిజ్ మీది టిఫిన్ డబ్బా వైపు తిరిగి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, గుసగుసగా అంది.

"వింటున్నావా."

"వింటున్నాను, చెప్పండి" అంది డబ్బా.

గుమ్మంలో నిలబడ్డ తండ్రీకూతుళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆవిడ చాలాసేపు డబ్బా వైపు చూసింది.

"ఏమీ లేదు" అంది. "ఊరికే పిలిచాను."

ఆ ఇంట్లో వినిపించిన ఆవిడ చివరి మాట అదే.

ఆపరేషను బాగానే జరిగింది. ఆవిడ కోలుకుంది. ఇప్పుడు ఆవిడ నవ్వితే చప్పుడుండదు, భుజాలు మాత్రం ఊగుతాయి. టీ వేడిగా ఉంటే ఊదుకోలేదు. ముక్కుతో ఊపిరి లేదు కనుక వాసనా తెలియదు. పాలు మాడినా తెలియడం లేదని పలకమీద రాసి, దాని కింద 'ఇంక మీ వంతు' అని రాసి కూతురికి చూపించింది. పలక మీద ఆవిడ హాస్యం ఎప్పట్లాగే ఉంది. కాకపోతే ఆ హాస్యం వినాలంటే ఇప్పుడు లేచి దగ్గరికి వెళ్ళి చదవాలి. ఇద్దరూ లేచి దగ్గరికి వెళుతున్నారు. ఎనిమిది నెలల కిందట ఆ పది అడుగులూ నడిచి ఉంటే!

ఆవిడ పిలవాలంటే వంటింటి గట్టు మీద గరిటెతో రెండుసార్లు కొడుతుంది. మొదటిసారి కొట్టినప్పుడు ఆయన ముఖం కడుక్కుంటున్నాడు. సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి, వృత్తిలో పాతికేళ్ళుగా అంటున్న మాట, ఇంట్లో మొదటిసారి అన్నాడు. "వింటున్నాను. ఇక్కడే ఉన్నాను. చెప్పు."

ఆవిడ పలకమీద రాసింది: 'మీ మైకు బాగానే ఉందే!'

ఆయన నవ్వలేకపోయాడు.

టిఫిన్ డబ్బా ఇంకా ఫ్రిజ్ మీద ఉంది కానీ దానికి కరెంటు ఇవ్వడం లేదు. ఆ మెమరీ కార్డును ఆయన చొక్కా జేబులో, గుర్తింపు కార్డు వెనక పెట్టుకుని తిరుగుతాడు. అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట ఎవరూ లేని లిఫ్టు గదిలో కూర్చుని, ఫోనులో ఒక ముక్క పెట్టుకుని వింటాడు. పాలతో దెబ్బలాడే ముక్క ఆయనకిష్టం. చివరి ముక్క మాత్రం వినడు. వినకపోయినా వినపడుతూనే ఉంటుంది.

ఇటీవల వాళ్ళ కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే బాధ్యత ఆయనకు అప్పగించారు. మొదటిరోజు పాఠంలో పానాల గురించి, మోటార్ల గురించి చెప్పాక ఆయన చేతిలోని పానా పక్కన పెట్టాడట. తర్వాత ఇలా అన్నాడట.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు గంట కొడతారు, మనం పరుగెడతాం. జీతం ఇచ్చేది అందుకే. ఇళ్ళల్లో ఇరుక్కున్నవాళ్ళు గంట కొట్టరు. గిన్నెలు కడుగుతూ, నవ్వుతూ, మామూలుగా చెప్తారు. రోజూ వినే గొంతని మీరు దాన్ని చప్పుళ్ళలో వేసెయ్యకండి. అరిగిన బేరింగుకి ఇంకో బేరింగు దొరుకుతుంది. విననందుకు ఆగిపోయిన గొంతుకి ఇంకో గొంతు దొరకదు."